ఎడమ పెట్టెలో మనిషి

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇందులో నా గొప్పేమీ లేదు. బి.ఎస్సీ.లో ఫిజిక్సు చదివాను. వచ్చిన మార్కులను బట్టి చూస్తే ఫిజిక్సును కూడా నేను పూర్తిగా నమ్మినట్టు లేదు. కంటికి కనబడాలి, లేదా చెవికి వినబడాలి, ఆ తరవాతే నమ్మకం సంగతి అనేవాణ్ణి. ఈ వ్యవహారమంతా చెవులకు సంబంధించిందే. ఆ రెండో మాట అనకుండా ఉండాల్సింది.

అరవైల చివరి సంగతి. నేను పిడుగురాళ్ళ హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. నా స్నేహితుడు ఇమ్మానుయేలు అక్కడే ఇంగ్లీషు చెప్పేవాడు. నాది ఒంటి బతుకు, వాళ్ళింట్లో భోజనం బాగుండేది. అందువల్ల నేను ఎక్కువ భాగం వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి.

వాళ్ళ బావ ఓడలో ఎలక్ట్రీషియను. ఒకసారి సెలవులో వస్తూ ఒక రికార్డు ప్లేయరు, దానికి రెండు స్పీకరు పెట్టెలు, కొన్ని ఇంగ్లీషు ఆల్బములు తెచ్చాడు. జుట్టు పెంచిన కుర్రాళ్ళు గిటార్లు వాయిస్తూ పాడే రాక్ సంగీతం. ఇప్పుడు వాటిని క్లాసిక్ రాక్ అంటున్నారు. అప్పట్లో అంత మర్యాద లేదు, గోల అనేవాళ్ళు.

విశేషం ఏమిటంటే, ప్రతి ఆల్బమునూ ఆయన రెండేసి కొన్నాడు. ఒకటి మోనో, ఒకటి స్టీరియో. పెట్టెలు రెండున్నాయి గదా, ఒక్కో పెట్టెకు ఒక్కో రికార్డు కావాలేమోనని అనుకున్నాడట. ఈ పొరపాటు పుణ్యమా అని ఒకే పాటను రెండు రకాలుగా పోల్చి వినగలిగే ఇల్లు పల్నాడు మొత్తంలో అదొక్కటే అయింది. పల్నాడు ఆ సంగతి పట్టించుకోలేదు.

తెలియనివాళ్ళకు చెబుతాను. మోనోలో రెండు పెట్టెల్లోంచీ ఒకే శబ్దం వస్తుంది. స్టీరియోలో పెట్టెలు వాటాలు పంచుకుంటాయి. ఆ రోజుల్లో ఆ పంపకం మరీ కచ్చితంగా ఉండేది. పాడేవాళ్ళంతా కుడి పెట్టెలో, డప్పులూ గిటార్లూ ఎడమ పెట్టెలో. దెబ్బలాడుకుని చెరో గదిలో కూర్చున్న అన్నదమ్ముల్లా ఉండేవారు. కొన్ని పాటల్లో మాత్రం గొంతు రెండు పెట్టెల్లోనూ సమానంగా ఉండేది. అప్పుడది ఏ పెట్టెలోంచీ వస్తున్నట్టుండదు. మధ్యన ఖాళీ గోడలోంచి వస్తున్నట్టుంటుంది. ఆ గోడకు క్యాలెండరు ఉండేది. క్యాలెండరు పాడుతున్నట్టుండేది.

ఇది మన రెండు చెవులు కలిసి చేసే మాయ అనీ, ఒక చెవి ఉన్నవాడికి ఈ మాయ అంటదనీ ఇమ్మానుయేలు తల్లి రూతమ్మ పిన్నికి సుద్దముక్కతో గచ్చు మీద బొమ్మ గీసి మరీ వివరించాను. ఆమె బొమ్మనంతా ఓపిగ్గా చూసి, తరవాత తడిగుడ్డతో తుడిచేసింది.

నేనూ ఇమ్మానుయేలూ ఆదివారం మధ్యాహ్నాలు రెండు రికార్డులనూ పక్కపక్కన పెట్టుకుని వినేవాళ్ళం. మోనోలో డప్పు గుండెకు తగిలేది. స్టీరియోలో అదే డప్పు పక్కింట్లో మోగినట్టుండేది. ఒక పాట మోనోలో తొందరగా ముగిసేది, స్టీరియోలో ఇంకాస్త సాగేది. వాడు మోనో పార్టీ, నేను స్టీరియో పార్టీ. ఊళ్ళో ఉన్న పార్టీలు చాలవన్నట్టు. ఇద్దరికీ ఉమ్మడి శత్రువు సున్నం. ఊరి చుట్టూ ఉన్న సున్నపు బట్టీల నుంచి వచ్చే తెల్లటి పొడి ఎంత తుడిచినా రికార్డు మీద వాలేది. ముల్లు పెట్టగానే పాట కంటే ముందు మా ఊరు చిటపటలాడేది.

ఇక ఇమ్మానుయేలు తండ్రి. యోహాను మాస్టారు మిషను బళ్ళో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆ బళ్ళో ఆయన కుర్చీకి ఎడమ పక్కన కిటికీ, కిటికీ అవతల రాతి క్వారీ. అక్కడ రాయి పగలేసే తూటాలు పేల్చినప్పుడల్లా ఆ ఎడమ చెవి కొంచెం కొంచెంగా అరిగిపోయి చివరికి పూర్తిగా మూతబడింది. గుంటూరులో డాక్టరు చూసి నరం చచ్చిపోయిందని చెప్పాడు. మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు. డాక్టరు గొణిగాడని చెప్పారు.

ఎడమ పక్క నుంచి ఎవరు పిలిచినా ఆయన కుడి పక్కకు తిరిగేవారు. వినబడేది కుడి చెవికే కదా. ఎడమ పక్క నిలబడి నమస్కారం పెడితే ఆయన కుడి పక్కనున్న బీరువాకో గేదెకో ప్రతి నమస్కారం పెట్టేవారు. ఇది ఊళ్ళో అందరికీ తెలుసు. అలవాటు పడ్డవాళ్ళు చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చి పలకరించేవారు.

నవ్వుకోవడానికి బాగానే ఉండేది, సైకిలు ఒక్కటి లేకపోతే. మాచర్ల రోడ్డులో కొంత దూరం పోతే ఒక పల్లె. అక్కడ చిన్న ప్రార్థన మందిరం. మాస్టారు రోజూ పొద్దున్నే సైకిలు మీద పోయి ఆ పల్లె పిల్లలకు అక్షరాలు దిద్దించి వచ్చేవారు. అదే రోడ్డు మీద రాయి లారీలు, సున్నం లారీలు. హారను వినబడితే లారీ ఉందని ఆయనకు తెలుస్తుంది, ఎటుందో తెలియదు. తప్పుకోబోయి దాని దారిలోకే పోతారు. అప్పటికి ఒక లారీ ఆయన సైకిలు వెనక క్యారియరును వంచేసి పోయింది. రూతమ్మ పిన్ని ఆ వంకర చూసి ఆ రోజు అన్నం తినలేదు.

"ఆ సైకిలు మానెయ్ నాన్నా. బస్సులో పో," అని ఇమ్మానుయేలు అనని రోజు లేదు.

"బస్సు పల్లె దాకా పోదురా. నా చెవికేంది? లోకమే ఈమధ్య నెమ్మదిగా మాట్లాడతంది," అనేవారు ఆయన.

చివరికి దారి చూపింది రూతమ్మ పిన్నే. సుద్దముక్క బొమ్మ ఆమె తుడిచేసిందే గాని మరిచిపోలేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర నాతో అన్నది: "నాయనా, ఒక్క చెవి ఉన్నోళ్ళకి ఆ రెండు రికార్డులూ ఒకటేగా ఉంటాయన్నావు గదా. ఆ పెట్టెలతో ఈయన సంగతి తేల్చండి. ఏది ఏదో చెప్పలేకపోతే సైకిలు తాళం నా చేతిలో పెట్టాల. ఏమయ్యా, ఒప్పుకుంటావా?"

"చదువుకున్నోళ్ళకి పరీక్షలంటే భయమా?" అన్నారు మాస్టారు. మాట తప్పే మనిషి కాదు. మాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన ఓడిపోవడం ఖాయం, సైకిలు ఇంట్లో పడి ఉండడం ఖాయం.

పరీక్షలో మోసం ఉండకూడదని నా పట్టుదల. ఒక చెవి ఉన్నా తెలివిగలవాడు డప్పు తేడాను బట్టి పట్టేయగలడు. అందుకని రెండింటిలోనూ ఒకే తీరుగా ఉండే పాట ఏరి పెట్టాను. తేడా అల్లా పంపకంలోనే. ప్లేయరు ముందు దుప్పటి అడ్డం కట్టాము, ఏ రికార్డు వేస్తున్నామో కనబడకుండా. మాస్టారిని రెండు పెట్టెలకూ ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, స్టీరియో రికార్డు ఏదో చెప్పమన్నాము.

మొదట మోనో వేశాను. ఆయన కాసేపు విని, "ఇది కాదు," అన్నారు. తరవాత స్టీరియో వేశాను. పాట మొదలయిందో లేదో, ఆయన తల ఎడమ పక్కకు తిప్పి, "ఇదే," అన్నారు.

మళ్ళీ వేశాము. వరస మార్చి వేశాము. మోనోనే వెంటవెంటనే వేశాము. ఒక్కసారీ తప్పలేదు. ఇమ్మానుయేలు మొహంలో రంగు తగ్గుతూ వచ్చింది. వాడు గమనించింది నేనూ గమనించాను. ఆయన సరిగ్గా చెప్పడం అలా ఉంచండి. ప్రతిసారీ ఎడమ పక్కకు తిరుగుతున్నారు. ఆయన ఎడమకు తిరగగా మేమెవరమూ ఎన్నడూ చూడలేదు.

"ఎట్టా తెలుస్తంది నాన్నా?" అన్నాడు ఇమ్మానుయేలు.

"ఇందులో తెలిసేదేముందిరా, ఆమె చెబుతుంది గదా. ఆ ఎడమ పెట్టెలో ఆడమనిషి."

ఆ రికార్డులో ఆడమనిషి లేదు. అట్ట మీద ఉన్నవాళ్ళంతా మగవాళ్ళే, జుట్టు సంగతి ఎలా ఉన్నా. పైగా ఎడమ పెట్టెలో మనిషి గొంతే లేదు. అక్కడ డప్పులే.

వంటింట్లోంచి రూతమ్మ పిన్ని గరిటెతో సహా వచ్చింది. "ఎవతె అది?"

"నాకేం తెలుసు. నువ్వు పెట్టించిన పరీక్షేగా."

"ఏమని చెబుతుంది?" అన్నాను నేను.

"'ఇదిగో' అంటది. అంతే. ఇదిగో, ఇదే ఆ రికార్డు అని."

పిన్ని చేతిలో గరిటె అలాగే ఆగింది. అప్పటిదాకా సరదాగా ఉన్న మనిషి మొహం మారింది. ఎందుకో నాకు వెంటనే అర్థం కాలేదు. మా వైపు ఆ తరం ఆడవాళ్ళు మొగుణ్ణి పేరు పెట్టి పిలవరు. పిలవాల్సి వస్తే 'ఇదిగో' అంటారు. మాస్టారు దాన్ని పరీక్షకు జవాబు అనుకున్నారు. పిన్నికి అది జవాబులా వినిపించలేదు.

"ఇదిగో అని నిన్ను నేను గాక ఎవరు పిలుస్తారు?" అన్నది నెమ్మదిగా. "నా గొంతేనా అది?"

మాస్టారు కొంచెం ఆలోచించారు. "నీ గొంతు నాకు తెలవదా? ఇది వయసులో ఉన్న గొంతు."

ఆమె గరిటెతో వంటింట్లోకి తిరిగి పోయింది.

నాకు మాత్రం ఇలాంటి చోట వదిలేస్తే మనశ్శాంతి ఉండదు. దూది తెచ్చి మాస్టారి కుడి చెవిలో కూరి, పైన అరచేతితో గట్టిగా మూసుకోమన్నాను. వెనకాల నిలబడి, "మాస్టారూ, లారీ," అని అరిచాను. ఆయన కదల్లేదు. ఇమ్మానుయేలు ఇత్తడి బిందె మీద కొట్టాడు. కదల్లేదు. అప్పుడు నేను చప్పుడు కాకుండా స్టీరియో రికార్డు వేశాను.

ఆయన తల ఎడమ పక్కకు తిరిగింది. "ఆఁ," అన్నారు. పిలిస్తే పలికినట్టు.

మోనో వేశాను. కదలిక లేదు. ఆయనకు పాటే వినబడటం లేదు. మళ్ళీ స్టీరియో. "ఆఁ."

పెట్టెల తీగలు అటూ ఇటూ మార్చాను, డప్పులు కుడి పెట్టెలోకి పోయాయి. ఆయన అప్పుడూ ఎడమకే తిరిగారు.

ఆ తరవాత నేను చేసిన పని గురించి చాలామందికి చెప్పలేదు. మాస్టారిని లేపి ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. కుడి చెవిలో దూది పెట్టుకుని, అరచేతితో మూసుకుని, స్టీరియో వేయమన్నాను. నా ఎడమ చెవి బాగానే ఉంది. డప్పులు వినబడ్డాయి, సున్నం చిటపటలు వినబడ్డాయి. ఆడమనిషి లేదు. హమ్మయ్య అనుకోబోతున్నాను.

అప్పుడు నా ఎడమ చెవికి బాగా దగ్గరగా ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. పిలవబోయే ముందు మనిషి పీల్చుకునే ఊపిరి. అంతే. పిలుపు రాలేదు. ఎవరో పిలవబోయి, ఈ కుర్చీలో ఉన్నది ఆయన కాదని చూసి, ఊరుకున్నట్టుగా.

నేను లేచాను. "ఏమైంది?" అన్నాడు ఇమ్మానుయేలు. కుర్చీ గట్టిగా ఉందన్నాను.

మాస్టారు గెలిచారు. మాట ప్రకారం సైకిలు ఆయనది. మేము ఆయన్ను కాపాడబోయి, చెవి భేషుగ్గా ఉందని సర్టిఫికెట్టు ఇచ్చి రోడ్డు మీదకు పంపినట్టయింది. రూతమ్మ పిన్ని అంట్లు తీసుకుని దొడ్లోకి పోయింది. ఏమైనా అని ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున ఆయన బయల్దేరగానే ఇమ్మానుయేలూ నేనూ ఒక అద్దె సైకిలు తీసుకుని వెనకాల పోయాము. వాడు తొక్కుతుంటే నేను వెనక కూర్చున్నాను. ఊరు దాటాక మాచర్ల రోడ్డుకు ఎడమ పక్క క్వారీ నుంచి ఒక మట్టి బాట దిగి వచ్చి కలుస్తుంది. మంచి వాలు. డీజిలు మిగుల్చుకోవడానికి డ్రైవర్లు అక్కడ ఇంజను ఆపేసి లారీని దొర్లించుకుంటూ వచ్చేవారు. బాటకు అటూ ఇటూ రాళ్ళ గుట్టలు. లారీ రోడ్డెక్కేదాకా కనబడదు. ఇంజను లేదు కాబట్టి వినబడదు. రెండు చెవులూ ఉన్న మాకే వినబడలేదు. అది ముఖ్యం. అందుకే చెబుతున్నాను.

మాస్టారు ఆ బాట దగ్గరకు వస్తున్నారు. మాకు కొంచెం ముందున్నారు. సైకిలు తొక్కుతూ తొక్కుతూ చటుక్కున కాలు కింద పెట్టి ఆగారు. తల ఎడమ పక్కకు తిప్పారు. ఆయన పెదవులు కదలడం నేను చూశాను. "ఆఁ," అన్నారు.

రాళ్ళ లారీ ఒకటి ఏ చప్పుడూ లేకుండా ఆయన ముందు చక్రాన్ని రాసుకుంటున్నంత దగ్గరగా రోడ్డు మీదకు దొర్లింది. అందులో క్లీనరు మమ్మల్ని చూసి కూడా చూడనట్టు పోయాడు. తెల్లటి దుమ్ము లేచింది. ఇమ్మానుయేలు చేతుల్లో హ్యాండిలు వదులైంది, మేమిద్దరం రోడ్డు పక్కన పడ్డాము. దుమ్ము అణిగేసరికి మాస్టారు మళ్ళీ సైకిలెక్కుతున్నారు.

పరుగెత్తుకుంటూ పోయి ఆయన సైకిలు పట్టుకున్నాము. "ఎందుకాగావు నాన్నా?" అన్నాడు ఇమ్మానుయేలు.

"పిలిస్తే ఆగనా?" అన్నారు ఆయన. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నిజంగానే జాలిపడుతూ, "మీకు వినబళ్ళా?" అన్నారు.

రికార్డు ప్లేయరు ఇంట్లో ఉంది. పెట్టెలు ఇంట్లో ఉన్నాయి. ఆ సంగతి నేను దారి పొడుగునా నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

ఆ తరవాత ఆ వానాకాలమంతా ఆయన సైకిలు మీదే తిరిగారు. చూసినవాళ్ళు చెప్పేవారు. సంత దగ్గర ఆగి ఎడమకు తిరిగారట, రైలు గేటు దగ్గర ఆగి ఎడమకు తిరిగారట. ప్రతిసారీ ఏదో ఒక బండి తప్పిపోయిందట. ఊరి జనం మాస్టారి చెవి బాగుపడిందనుకున్నారు. ఎడమ పక్క నుంచి నమస్కారాలు పెట్టడం మొదలుపెట్టారు. ఆయన యథాప్రకారం కుడి పక్క గేదెకు ప్రతి నమస్కారం పెట్టేవారు. చెవి బాగుపడలేదు. నేను ఒకటికి నాలుగుసార్లు పరీక్షించాను. మామూలు మనిషి ఎవరు పిలిచినా ఆ చెవికి అందదు.

రూతమ్మ పిన్ని ఆ రోజుల్లో మనిషి చిక్కింది. ఆయన తిరిగి వచ్చేదాకా వీధి అరుగు మీదే కూర్చునేది. "ఇయ్యాల పిలిచిందా?" అని అడిగేది. ఆయన "ఆఁ," అంటే ఆమెకు భయం. "లేదు," అంటే ఇంకా భయం.

ఒక సాయంత్రం నేనూ ఇమ్మానుయేలూ ఎప్పటిలాగే రికార్డులు తుడుచుకుంటున్నాము. మాస్టారు సైకిలు లోపలికి తెచ్చి గోడకు ఆనించి తాళం వేశారు. ఆ తాళంచెవి తెచ్చి పిన్ని చేతిలో పెట్టారు.

"ఏందిది?" అన్నది ఆమె.

"ఇంక తొక్కను."

"నాన్నా, నువ్వు గెలిచావు గదా," అన్నాడు ఇమ్మానుయేలు. నిన్నటిదాకా ఆ సైకిలు వద్దని పోరినవాడే. మనిషికి అంత అయోమయం వచ్చేసింది.

మాస్టారు కుర్చీలో కూర్చుని పైపంచెతో మొహం తుడుచుకున్నారు. "గెలవడం కాదురా. నేను రోడ్డెక్కిన కాడ్నుంచి దిగేదాకా ఆమె పిలుస్తానే ఉంది. అటు చూడు, ఇటు చూడు, ఆగు, కదులు. మూడు నాలుగు రోజులుగా గొంతు జీరబోయింది. ఇయ్యాల గేటు కాడ పిలిస్తే సగమే వచ్చింది మాట." పైపంచె భుజాన వేసుకుని, "ఎవరో ఏందో. మనకోసం ఒక మనిషి అంత అరుస్తా ఉంటే చూస్తా ఊరుకుంటామా?" అన్నారు.

నేను లేచి, దుప్పటి కూడా కట్టకుండా, ఆయన కళ్ళెదుటే స్టీరియో రికార్డు వేశాను. డప్పులు ఎడమ పక్క, పాట కుడి పక్క. మాస్టారు ముందుకు వంగి విన్నారు. తల తిరగలేదు. మోనో వేశాను. మళ్ళీ స్టీరియో వేశాను.

"రెండూ ఒకటేరా," అన్నారు. ఆ మాటలో ఓడిపోయిన బాధ లేదు. ఇంటికి వచ్చిన చుట్టం భద్రంగా బస్సెక్కిందని విన్నవాడి తేలిక ఉంది.

ఆయన స్నానానికి లేచి పోయారు. రూతమ్మ పిన్ని తాళంచెవిని చీర కొంగుకు ముడివేసుకుంది. ప్లేయరు ఇంకా తిరుగుతోంది, పాట అయిపోయి ముల్లు చివరి గాడుల్లో గీరుకుంటోంది. ఆమె ఎడమ పెట్టె దగ్గరికి పోయి, గుడ్డతో దాని మీది సున్నం పొడి తుడిచి, వంగి దానితో అన్నది:

"సరేనమ్మా. ఇంక నేను చూసుకుంటాలే."

పెట్టెలోంచి జవాబేమీ రాలేదు. వచ్చిందని చెబితే ఈ కథకు బాగుంటుంది గాని, రాలేదు. ముల్లు గీరుకోవడం మాత్రం ఆ క్షణాన ఆగింది. రికార్డు తిరుగుతూనే ఉంది, ముల్లు దాని మీదే ఉంది, చప్పుడు లేదు. నేను చేయి చాచి ప్లేయరు ఆపాను. దాని గురించి అప్పుడూ ఏమీ చెప్పలేకపోయాను, ఇప్పుడూ చెప్పలేను.